కొండ మీద 54 పేర్లు

2024 ఆగస్టులో జ్వరం వచ్చి రెండు రోజులు సెలవు పెట్టాను. రెండో రోజు మధ్యాహ్నం మందుల షాపుకి వెళ్తుంటే మా వీధి అంగన్‌వాడీ ముందు ఒకామె నిలబడి కనిపించింది. చంకలో ఒక పిల్ల, కొంగు పట్టుకుని ఒక పిల్లాడు. లోపల పిల్లలు వరసగా కూర్చుని అన్నం తింటున్నారు. ఆమె గుమ్మం దాటి లోపలికి వెళ్ళలేదు, అక్కడి నుంచి కదలనూ లేదు. కాసేపటికి టీచరమ్మ వచ్చి అడుగున మిగిలిన అన్నం, పప్పు ఆమె గిన్నెలో వేసింది. గుడ్డు మాత్రం వెయ్యలేదు.

ఆమె వెళ్ళాక టీచరమ్మను అడిగాను. కోప్పడుతుందేమో అనుకున్నాను గానీ ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "వీళ్ళు కొండ మీద వాళ్ళక్కా. నా సర్వే ఏరియాలో లేరు. నా దగ్గర ఎన్ని పేర్లుంటే అన్ని గుడ్లే వస్తాయి. పేరు లేని పిల్లకి ఒకటి పెడితే, పేరున్న పిల్ల ఒకతి ఆ రోజు గుడ్డు లేకుండా లేస్తుంది. అన్నం అయితే కొంచెం సర్దగలను."

నేను విశాఖపట్నం పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో లెక్కలు రాస్తాను. మా దగ్గర బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకుకి కస్టమ్స్‌లో పెట్టే కాగితం, లేని కంటైనరు గేటు దాటదు. ఎంత విలువైన సరుకైనా కాగితం లేకపోతే యార్డులో పడి ఉండాల్సిందే. అందుకే టీచరమ్మ మాట నాకు వెంటనే అర్థమైంది. అర్థమైనందుకే తట్టుకోలేకపోయాను. సరుకుకి ఆ రూలు ఉండొచ్చు. రెండేళ్ళ పిల్లకి ఎలా ఉంటుంది?

ఇంకో మాట కూడా చెప్పాలి. 1983లో ఎన్టీ రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు మా నాన్న హార్బరులో కళాసీ. డిపో ముందు గోనెసంచి పట్టుకుని మా అమ్మ పక్కన నిలబడేదాన్ని. ఆ బియ్యం లేకపోతే మా అయిదుగురు పిల్లలం కడుపు నిండా తిని బడికి వెళ్ళేవాళ్ళం కాదు. ప్రభుత్వం డబ్బు పేదింటి కంచం దాకా వస్తే ఏమవుతుందో నేను ఎక్కడో చదివి చెప్పడం లేదు.

ఆ ఆదివారం కొండ ఎక్కాను. ఆరిలోవలో మా ఇంటి వెనక నుంచి మెట్లు మొదలవుతాయి. కొంత దూరం సిమెంటు మెట్లు, ఆ పైన రాళ్ళు పేర్చిన దారి. పైన రేకుల ఇళ్ళు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, పార్వతీపురం ఏజెన్సీ నుంచి, ఒడిశా రాయగడ వైపు నుంచి భవనాల పనికి వచ్చినవాళ్ళు. ఎక్కువమంది గత పదేళ్ళలో వచ్చినవాళ్ళే. మగవాళ్ళు పొద్దున్నే అడ్డా మీదకి దిగిపోతారు. అన్న క్యాంటీన్లు మళ్ళీ తెరిచాక మధ్యాహ్నం అయిదు రూపాయలకి భోజనం దొరుకుతోందని సంతోషంగా చెప్పారు. కానీ రెండేళ్ళ పిల్ల కొండ దిగి క్యాంటీనుకి వెళ్ళలేదు కదా. తల్లి కూడా తట్ట మోయడానికి వెళ్ళిన రోజు, పొద్దున్న కాచిన చోడి (రాగి) అంబలే సాయంత్రం దాకా.

సెప్టెంబరులో ఒక అర్జీ రాశాను. సోమవారం ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి, మహారాణిపేట కలెక్టరేటుకి వెళ్ళి లైన్లో నిలబడి ఇచ్చాను. "కొండ మీద పిల్లలు ఆకలితో అలమటిస్తున్నారు, దయతో ఆదుకోగలరు" అని రెండు పేజీలు రాశాను. రాస్తున్నప్పుడు నాకే ఏడుపొచ్చింది. ఫోనుకి నంబరు వచ్చింది. మూడు వారాలకి, అర్జీ పరిష్కరించారు అని మెసేజ్ వచ్చింది. కొండ మీదకి ఎవరూ రాలేదు. నా అర్జీ చేరిన కింది ఆఫీసుకి వెళ్ళి అడిగితే, "సమీపంలో అంగన్‌వాడీ కేంద్రం ఉన్నది" అని ఒక్క వాక్యం రాసి మూసేశారని తెలిసింది. ఆ వాక్యం అబద్ధం కాదు. అదే నన్ను ఎక్కువ బాధ పెట్టింది.

మా ఆఫీసు పక్కన జిరాక్స్ షాపుకి ఒక రిటైర్డ్ మాస్టారు వస్తుంటారు. పెన్షన్ల విషయంలో, భూముల విషయంలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా రాసిపెడతారు. నా అర్జీ ఆయనకి చూపించాను. చివరిదాకా చదివి, "అమ్మా, నువ్వు దయ అడిగావు. దయకి గడువు ఉండదు" అన్నారు. తర్వాత అక్కడే స్టూలు మీద కూర్చుని గంటసేపు చెప్పారు.

2001లో గోదాముల్లో ధాన్యం నిల్వలు పేరుకుని ఉండగా రాజస్థాన్‌లో కరువు, ఆకలి. అప్పుడు పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆ కేసులోనే 2001 నవంబరు 28న కోర్టు ప్రభుత్వ బడుల్లో వండిన భోజనం పెట్టాలని చెప్పింది. అదే కేసులో 2006 డిసెంబరు 13న ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. ఆరేళ్ళ లోపు పిల్లలు కనీసం 40 మంది ఉన్న ఊరు గానీ, పట్నంలో మురికివాడ గానీ అంగన్‌వాడీ లేదని అడిగితే, అడిగిన 3 నెలల్లో ఇవ్వాలి. ఆ తర్వాత 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. దాని 5వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా ప్రతి బిడ్డకీ అంగన్‌వాడీ నుంచి ఉచితంగా ఆహారం అందాలి. అందకపోతే 15వ సెక్షన్ కింద జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటారు. మన రాష్ట్రంలో ఆ బాధ్యత జాయింట్ కలెక్టరుది.

"40 మంది ఉన్నారా మీ కొండ మీద?" అన్నారు మాస్టారు.

నా దగ్గర జవాబు లేదు. ఇరవై రెండేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను, పిల్లల్ని మాత్రం లెక్కపెట్టలేదు.

అక్టోబరు, నవంబరు ఆదివారాలన్నీ ఆ పనికే పోయాయి. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే. కాబట్టి ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళ కోసం కొంచెం వివరంగా రాస్తాను. పొడుగు నోటుబుక్కులో గళ్ళు గీశాను. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, దానికి రుజువు, తల్లి పేరు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఎన్నాళ్ళయింది, బియ్యం కార్డు ఉందా, ఊళ్ళో అంగన్‌వాడీలో పేరుందా. మొదటి ఆదివారం నలుగురే పేర్లు చెప్పారు. మిగతావాళ్ళు తలుపులు దగ్గరగా వేసుకున్నారు. ఒక ముసలామె నేరుగా అడిగింది: "ఏటి రాస్తన్నావమ్మా? మా గుంటల పేర్లు రాసుకెళ్ళి ఇళ్ళు పీకించేస్తారేటి?"

ఆ భయం ఉత్తిది కాదు. కొండవాలులో ఉండేవాళ్ళకి పేరు రాసుకోవడానికి వచ్చిన మనిషి అంటే ముందు గుర్తొచ్చేది ఇల్లు తీసెయ్యడమే. పేరు లేకపోతే గుడ్డు రాదు, పేరు చెబితే ఇల్లు పోతుందేమో. ఈ రెండిటి మధ్య బతుకుతున్న వాళ్ళని పట్టుకుని "మీకు అవగాహన లేదు" అనడం అన్యాయం. ఆ రోజు నోటుబుక్కు మూసేసి కిందకి వచ్చేశాను. తర్వాతి వారం పైనే ఉండే టైలరు అక్కను వెంటబెట్టుకుని తిరిగాను. ఏ పేరు రాసినా ఆవిడే గట్టిగా చదివి వినిపించేది. నోటుబుక్కు కూడా ఆవిడ ఇంట్లోనే ఉంచేదాన్ని. అప్పటి నుంచి తలుపులు తెరుచుకున్నాయి.

మొత్తం 73 ఇళ్ళు. ఆరేళ్ళ లోపు పిల్లలు అని చెప్పినవి 61 పేర్లు. గర్భిణులు ఆరుగురు. లిస్టు చూసి నేను పొంగిపోయాను, 40 ఎప్పుడో దాటేశాం కదా అని. మాస్టారు మాత్రం ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి అడిగారు. "ఒక్క తప్పు దొరికితే చాలమ్మా, మొత్తం కాగితం పక్కన పెట్టేస్తారు. వాళ్ళు తియ్యకముందే నువ్వే తియ్యి." మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాను. నలుగురు పిల్లల పేర్లు సొంత ఊళ్ళ అంగన్‌వాడీల్లో ఉన్నాయి, ఎక్కువ రోజులు అమ్మమ్మల దగ్గరే ఉంటారు. ముగ్గురికి ఆరేళ్ళు దాటాయి. ఏడు పేర్లు కొట్టేస్తే 54 మిగిలారు.

ఆ ముగ్గురిలో ఒక పిల్లకి ఏడేళ్ళు నిండాయి. అయిదని చెప్పింది తల్లి. పేరు కొట్టేశానని తెలిసి నా ఎదురుగా వచ్చి నిలబడింది. "నా గుంట పేరు కొట్టేసినావు కదా, దానికి బువ్వ నువ్వెట్టు" అంది. నాకు నోట మాట రాలేదు. ఆవిడ అబద్ధం ఆడింది ఎందుకోసం? పిల్ల నోట్లోకి ఒక ముద్ద వెళ్తుందనే కదా. ఏడేళ్ళ పిల్లకి దారి అంగన్‌వాడీ కాదు, బడి. బడిలో చేరితే మధ్యాహ్నం అన్నం, గుడ్డు వస్తాయి. కానీ బడిలో ఎవరు చేర్పిస్తారు? జనన ధ్రువపత్రం లేదు, తల్లికి చదువు రాదు. ఆ వారమే టైలరు అక్క, నేను కలిసి పిల్లని కింద ప్రభుత్వ బడికి తీసుకెళ్ళాం. హెడ్‌మాస్టరుగారు మంచివారు, పత్రం తర్వాత తెండి అని వెంటనే చేర్చుకున్నారు. అయినా ఆవిడ నాతో రెండు నెలలు మాట్లాడలేదు.

డిసెంబరులో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. జిల్లా స్థాయి ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు. మా వార్డులో ఎన్ని కేంద్రాలు, ఒక్కో కేంద్రానికి ఏయే వీధులు, ఎంతమంది పిల్లలు నమోదయ్యారు, కొత్త కేంద్రం మంజూరు ఎవరి చేతిలో ఉంది, ఈ నాలుగే అడిగాం. ముప్పయ్యో రోజుకి జవాబొచ్చింది. దాంట్లో కొండ కింద చివరి వీధి దాకా ఉంది. కొండ లేదు. మా వాదనకి కావలసిన కాగితం ప్రభుత్వమే ఇచ్చినట్టయింది.

2025 జనవరిలో రెండో అర్జీ. ఈసారి ఒక్క పేజీయే. 2006 ఉత్తర్వు తేదీ, చట్టం సెక్షన్లు, 54 మంది పిల్లల పట్టిక, సమాచార హక్కు జవాబు నకలు. ఆకలి అనే మాట ఎక్కడా రాయలేదు. అర్జీ ఇవ్వడానికి నేను ఒక్కదాన్నే వెళ్ళలేదు, పదకొండు మంది తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. ఒక రోజు కూలి వదులుకుని వచ్చారు వాళ్ళు. ఈ లెక్క ఏ రిపోర్టులోనూ రాయరు. తన హక్కు అడగడానికి పేద మనిషి ముందు ఒక రోజు కూలి చెల్లించాలి.

ఫిబ్రవరిలో అంగన్‌వాడీల సూపర్‌వైజరు వచ్చింది. నలభై దాటిన మనిషి, ఆయాసపడుతూ మెట్లన్నీ ఎక్కింది. లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ సరిచూసింది. 54కి 54 మంది దొరికారు. దిగేటప్పుడు నాతో, "ఇంత సరిగ్గా మా సర్వేలు కూడా ఉండవండీ" అంది. ఆ మాటకి పొంగిపోలేదు గానీ, మాస్టారు ఏడు పేర్లు ఎందుకు తీయించారో అప్పుడు పూర్తిగా తెలిసింది.

మార్చి నుంచి కొండని కింది కేంద్రం సర్వే ఏరియాలో కలిపారు. ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలు 29 మందికి, గర్భిణులకి, బాలింతలకి ఇంటికి ఇచ్చే సరుకు రావడం మొదలైంది. నలుగురికి ఇంకా ఆరు నెలలు నిండలేదు. మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళు 21 మంది. వీళ్ళకి వేడి అన్నం కేంద్రంలోనే పెట్టాలి. వాళ్ళు రోజూ కొండ దిగి ఎక్కలేరు కాబట్టి కొత్త కేంద్రం మంజూరయ్యేదాకా అని, కింద వండిన అన్నం క్యానుల్లో పైకి తెచ్చి రామకోవెల అరుగు మీద పెడుతున్నారు. ఆయమ్మ ఒక్కతే మొయ్యలేదు. తల్లులు ఇద్దరిద్దరు వంతులు వేసుకున్నారు. మొదటి రోజు గుడ్డు చేతికిస్తే ఒక పిల్లాడు తినకుండా ఇంటికి పరుగెత్తాడు, చెల్లికి ఇవ్వడానికి. చెల్లికి వేరే ఉందని చెప్పి వెనక్కి తేవాల్సి వచ్చింది.

డబ్బు సంగతి నాకు అప్పుడే పట్టుకుంది. మా ఆఫీసులో ఏ ఖర్చు చూసినా రేటు ఎప్పటిది అని అడగడం నాకు అలవాటు. అంగన్‌వాడీలో ఒక బిడ్డ పోషణకి రోజుకి లెక్క అప్పటికి 8 రూపాయలు. బరువు బాగా తగ్గిపోయిన బిడ్డకి 12. గర్భిణికి, బాలింతకి 9 రూపాయల 50 పైసలు. సగం కేంద్రం, సగం రాష్ట్రం పెట్టుకుంటాయి. ఈ రేటు 2017లో నిర్ణయించినది. మా వీధి కొట్లో 2025లో ఒక్క గుడ్డు ఏడు రూపాయలు. మన రాష్ట్రం గుడ్లకీ పాలకీ తన డబ్బు కలుపుతోంది కాబట్టి పిల్లల కంచంలో అవి ఉంటున్నాయి. బడి భోజనం రేటు మాత్రం 2024 డిసెంబరులో పెంచారు, 2025 మేలో మళ్ళీ పెంచారు. ఆ పెంపుతో ప్రాథమిక పాఠశాల పిల్లకి వంట సరుకుల ఖర్చు 6 రూపాయల 78 పైసలు అయింది. అది చాలా తక్కువే, అయినా కదిలింది. చిన్న పిల్లల 8 రూపాయలు ఎందుకు కదల్లేదు? మన రాష్ట్రంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకి తగ్గ ఎత్తు లేరని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఎదుగుదలకి అసలైనవి మొదటి రెండు మూడేళ్ళు. అక్కడే రేటు ఎనిమిదేళ్ళు ఆగిపోయింది.

జూన్‌లో తల్లులతో ఈ మాట చెప్పాను. టైలరు అక్క, "మనం అడగకూడదా?" అంది. అర్ధ రూపాయి పోస్టుకార్డులు 54 కావాలని పోస్టాఫీసులో అడిగితే అన్ని లేవన్నారు, రెండు రోజులు ఆగాం. 27 రూపాయల ఖర్చు. ఒక్కో కార్డు మీద ఒక్కో బిడ్డ పేరు, వయసు, కింద "2017 రేటు మార్చండి" అని. ఢిల్లీకి, మహిళా శిశు అభివృద్ధి శాఖ మంత్రిగారికి. చదువు వచ్చినవాళ్ళు రాశారు, రానివాళ్ళు వేలిముద్ర వేశారు. మేము కార్డులు డబ్బాలో వేసిన రోజుకి ఆ రేటు అలాగే ఉంది. జవాబు రాలేదు. వచ్చే బడ్జెట్ ముందు మళ్ళీ రాస్తాం, ఈసారి పక్క రెండు కొండల వాళ్ళు కూడా కలుస్తామన్నారు.

జూలై 1 నుంచి ఇంటికిచ్చే సరుకుకి ముఖం ఫోటో తప్పనిసరి చేశారు. కొండ మీద ఫోను సిగ్నలు అందదు. టీచరమ్మ తల్లుల్ని మెట్ల మలుపు దగ్గర, సిగ్నలు దొరికే ఒక్క రాయి మీద నిలబెట్టి ఫోటోలు తీస్తోంది. బాలింత పచ్చి ఒంటితో అక్కడిదాకా దిగాలి. దొంగ పేర్లు ఆపాలంటే ఆపండి, నేనే ఏడు పేర్లు కొట్టేసినదాన్ని. కానీ యంత్రం ముఖం గుర్తుపట్టలేదని ఒక్క బాలింతకి కూడా సరుకు ఆగకూడదు. టీచరమ్మలు ఈ యాప్‌తో పడుతున్న టెన్షన్ దగ్గరుండి చూశాను. వాళ్ళ మీద కోపం తెచ్చుకునేవాళ్ళు ఒక్క రోజు వాళ్ళతో కూర్చోవాలి.

బియ్యం కార్డుల పని ఇంకా నడుస్తోంది. 73 ఇళ్ళలో 26 ఇళ్ళకి కార్డు లేదు, లేదా ఇక్కడిది కాదు. ఆహార భద్రతా చట్టం కింద గ్రామాల్లో 75 శాతం, పట్నాల్లో 50 శాతం మందికి బియ్యం ఇవ్వాలన్నారు గానీ, ఆ మనుషుల సంఖ్య 2011 జనాభా లెక్కల మీదే కట్టారు. కేంద్రం మన రాష్ట్రంలో బియ్యం ఇచ్చేది 2 కోట్ల 68 లక్షల మందికి. మిగతా కార్డుల బరువు రాష్ట్రం ఖజానాదే. మా లిస్టులో పిల్లలెవరూ 2011 నాటికి పుట్టనే లేదు. ఒడిశా కార్డున్న తొమ్మిది ఇళ్ళ వాళ్ళకి, దేశంలో ఎక్కడైనా బియ్యం తీసుకోవచ్చనే సంగతే తెలియదు. ఒక డిపోలో ముందు కాదన్నారు, మాస్టారు వెళ్ళి మాట్లాడాక ఇచ్చారు. 2025 మే 7 నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టగానే, పెళ్ళిళ్ళయి వేరు కాపురం పెట్టిన తొమ్మిది జంటలతో వార్డు సచివాలయంలో పెట్టించాం. వాళ్ళకి కార్డులు వచ్చాయి.

మిగిలిన ఎనిమిది ఇళ్ళదే చిక్కు. నెలకి 300 యూనిట్ల కన్నా ఎక్కువ కరెంటు వాడితే కార్డుకి అర్హత లేదు. ఈ ఎనిమిది ఇళ్ళూ రెండు మీటర్ల మీద ఉన్నాయి. నాలుగిళ్ళ కరెంటు ఒక్క మీటరులో తిరిగితే 300 దాటకుండా ఎలా ఉంటుంది? ఒక్కో ఇంట్లో ఒక బల్బు, ఒక ఫ్యాను, ఒక టీవీ. ఎనిమిది ఇళ్ళ ఆధార్లూ ఆ రెండు మీటర్లకే కలిపి ఉన్నాయి కాబట్టి కంప్యూటరులో అందరూ ధనవంతులే. బియ్యం ఆగింది. కిలో నలభై అయిదు పెట్టి కొంటున్నారు.

దీని మీద అర్జీ రాద్దామని మొన్న కొండ ఎక్కితే, నేను రాయాల్సిన పని లేకపోయింది. ఎనిమిది ఇళ్ళలో ఒకటి, ఏడేళ్ళ పిల్ల పేరు కొట్టేశానని నాతో మాట్లాడటం మానేసిన ఆవిడది. ఆవిడే ఎనిమిది ఇళ్ళూ తిరిగి ఆరు నెలల కరెంటు బిల్లులు పోగుచేసింది. ఏ ఇంట్లో ఎన్ని బల్బులు, ఎన్ని ఫ్యాన్లు అని టైలరు అక్క కూతురితో పట్టిక రాయించింది. ఒక ఇంట్లో పాత ఫ్రిజ్ ఉందట. ఆ ఇంటివాళ్ళు అది రాయొద్దన్నారట.

"రాయించినాను" అంది ఆవిడ. "ఆళ్ళొచ్చి సూస్తే మనదంతా పోతాది కదా."

సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి మెట్ల దగ్గర కలుస్తున్నాం.